మా అత్తగారు కూర్చునే రాయి

మా అత్తగారికి కుర్చీ అంటే గిట్టదు. ఇంట్లో మూడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. మా ఆయన ముచ్చటపడి కొన్న ఊగే కుర్చీ ఇంకొకటి ఉంది. ఆవిడ మాత్రం నారు షెడ్డులో ఉన్న నల్లరాయి మీదే కూర్చుంటుంది. పీట అంత వెడల్పు, ఒక పక్కకి కాస్త వాలు. నేను కాపరానికి వచ్చిన కొత్తల్లో ఊడవడానికి అడ్డంగా ఉందని దాన్ని దొర్లించుకెళ్ళి బయట పడేశాను. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ తనే దొర్లించుకుంటూ లోపలికి తెచ్చుకుని, దాని మీద కూర్చుని, నాతో పదకొండు రోజులు మాట్లాడడం మానేసింది. నేనేమైనా తక్కువ తిన్నానా? నేనూ మాట్లాడలేదు. పన్నెండో రోజున వంటింట్లో ఇద్దరం ఒకేసారి ఒకే గరిట పట్టుకుంటే నవ్వొచ్చి మాటలు కలిశాయి.

ఆవిడ పని నారు పెంచడం. మిరప, టమాటా, వంగ, క్యాబేజీ. ఇంటి వెనక ఎకరం నేల, అందులో నీడ వల కట్టిన షెడ్డు, షెడ్డు నిండా నల్లటి ట్రేలు. ట్రేలో ఒక్కో గడికి ఒక్కో గింజ. మొలకెత్తని గడిలో ఇంకో గడి నుంచి మొలకని తీసి నాటుతుంది. ఆ రాయి మీద కూర్చుని, ట్రేని ఒళ్ళో పెట్టుకుని, వెదురు పుల్లతో. ఆమెకి అరవై ఎనిమిదేళ్ళు. కళ్ళద్దాలు లేకుండా పని చేస్తుంది, అద్దాలు పెట్టుకున్న నన్ను చూసి జాలిపడుతుంది.

ఆ నారుకి ప్రాణం మా పెరటి పైమూలన బండ కింద ఊరే నీళ్ళు. అక్కడో గుంట ఉంది. ఎండలు మండిపోతున్నా, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆ ఊట నీళ్ళు ఒకే తీరుగా ఉంటాయి. నీళ్ళు పోసే ముందు ఆవిడ మణికట్టు ముంచి చూస్తుంది, ఏదో పసిపిల్లకి స్నానం చేయించబోతున్నట్టు. మేడ మీద ట్యాంకులో కాగిన కుళాయి నీళ్ళు పోస్తే లేత నారు కాడ దగ్గరే వాలిపోతుందంటుంది. పైపుతో పోస్తే గింజ లేచి పక్కింటికి పోతుందంటుంది. అందుకని జల్లు మూతి క్యానుతో, రోజుకి రెండు పూటలా, నలభై ఏళ్ళుగా అదే నడక.

గుంటలో మిగిలిన నీళ్ళు సన్నటి కాలువలో పల్లానికి పారి, రోడ్డు వైపు రాతిగోడలో ఉన్న కన్నం లోంచి బయటపడతాయి. గోడ అవతల ఒక రాతి తొట్టి ఉంది. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు రోడ్డు వారగా పోయి సోడా ఫ్యాక్టరీలోకి వెళ్తాయి. ఇదంతా నేను వచ్చేటప్పటికే ఉంది. ఉన్నదాన్ని ఎందుకుందని ఎవరడుగుతారు?

నేను అడిగేదాన్ని కాదు, నోటీసు రాకపోతే.

నేను కోర్టు ఎదుట రేకుల పందిరి కింద దరఖాస్తులు టైపు చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోకుల మొరలన్నీ నా వేళ్ళ మీదుగా పోతాయి. నోటీసులంటే నాకు భయం లేదు. నీటి ఆఫీసు నుంచి వచ్చిన ఇది చదివితే మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా అత్తగారు వాగు నీటిని హక్కు పత్రం లేకుండా వ్యాపారానికి వాడుతోందట. తనకి రావలసిన నీళ్ళు తగ్గుతున్నాయని సోడా ఫ్యాక్టరీ యజమాని ఫిర్యాదట. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలట, ఆ తర్వాత తనిఖీ, తప్పని తేలితే నీటి వాడకం ఆపేయాలట.

"ఏ వాగు?" అంది మా అత్తగారు. లేచి గుమ్మంలోంచి అటూ ఇటూ చూసింది కూడా.

షెడ్డులో ఆ వారమే మొలకలు విప్పారిన నలభై వేల నారు మొక్కలున్నాయి. దుక్కులు దున్నుకుని ఎదురుచూస్తున్న రైతులకి మాట ఇచ్చినవి. ఒక్క రోజు నీళ్ళు ఆగితే అంతే సంగతులు.

మర్నాడే నీటి ఆఫీసుకి వెళ్ళాను. మా పందిరికి ఎదుటి మేడలోనే, రెండో అంతస్తు. అక్కడ రిటైర్మెంటుకి దగ్గరపడ్డ గుమాస్తా ఒకాయన నాకు తెలుసు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం. నోటీసు చూసి నన్ను కూర్చోమన్నాడు.

"మీ ఇంటి కప్పు మీద పడ్డ వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకుంటారా, పట్టుకోండమ్మా. ఎవరూ అడగరు. తాగడానికి, వండుకోవడానికి, పెరట్లో నాలుగు మొక్కలకి వాగులోంచి బిందెతో తెచ్చుకుంటారా, దానికీ కాగితం అక్కర్లేదు. అమ్ముకునే పంటకో, ఫ్యాక్టరీకో వాగు నీళ్ళు వాడితే మాత్రం హక్కు పత్రం ఉండాలి."

"వాగు కాదండీ బాబూ. మా నేలలో ఊట."

"ఊట మీ నేలలో పుట్టి మీ నేలలోనే ఇంకిపోతే మీ ఇష్టం. నారు పెంచుకోండి, ఏనుగుని కడుక్కోండి, మాకేం సంబంధం? గట్టు దాటి బయటికి పోతోందా?"

"పోతోంది. రోడ్డు వైపు గోడ కన్నంలోంచి."

"అక్కడే వచ్చింది చిక్కు. గట్టు దాటి పారితే అది నలుగురిదీ."

"పోనీ ఇవాళే హక్కు పత్రానికి దరఖాస్తు పెడతాను. టైపు చేసేదాన్ని నేనేగా."

"పెట్టండి, వస్తుంది. కానీ ఎవరి పత్రం ముందుదైతే వాళ్ళది ముందు వరస. సోడా ఫ్యాక్టరీకి ఇరవై రెండేళ్ళ కిందటే ఇచ్చాం. నీళ్ళు తగ్గిన నెలల్లో ఆయనకి సరిపోయాకే మీకు. ఆయనకి ఎప్పుడు చాలుతుంది?" పెన్సిలు తీసి మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "నేనేమీ అనలేదు, మీరేమీ వినలేదు. తనిఖీకి వచ్చేలోపు ఒక బస్తా సిమెంటు తెచ్చి ఆ కన్నం మూసుకుంటే, నీళ్ళు బయటికి పోయేదే లేదు కదా."

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన ఎగిరి గంతేశాడు. ఆయనది స్కూటర్ల మరమ్మతు షాపు. ఏ సమస్యకైనా ఏదో ఒకటి బిగిస్తే సరిపోతుందని ఆయన నమ్మకం. నేనూ ఆయన వైపే. అబద్ధమెందుకు, నాకు సిగ్గు కూడా వేయలేదు. సోడా ఆయన నోరు ఎండిపోతే చూడాలని ఉంది.

మా అత్తగారు ట్రే మీంచి తల ఎత్తలేదు. "కన్నం మూసేది లేదు," అంది.

"ఎందుకత్తయ్యా?"

"మూసేది లేదంటే లేదు."

ఆవిడ సంగతి తెలిసి కూడా మా ఆయన రెండో రోజున, ఆవిడ విత్తనాల కొట్టుకి వెళ్ళిన సమయం చూసుకుని పని కానిచ్చేశాడు. నేను ఇసుక అందించాను. పొద్దున పదిన్నరకి మూశాం. పన్నెండయ్యేసరికి గోడ అవతల తొట్టి అడుగు కనపడింది. ఒంటిగంటకి మా వీధి గుమ్మం ముందు బకెట్ల చప్పుడు.

సోడా ఫ్యాక్టరీ వెనక వరస గదులున్నాయి. పన్నెండు గదులకి ఒకటే కుళాయి, పొద్దున గంట సేపు వస్తుంది. మిగతా రోజంతా వాళ్ళకి ఆ తొట్టే దిక్కు. లాండ్రీ ఆవిడ నానబెట్టిన బట్టల టబ్బుతోనే వచ్చేసింది. "ఏమైందమ్మా, నీళ్ళాగిపోయాయి? పెద్దమ్మకి బాగానే ఉందా?" అంది. నీళ్ళాగితే ఆవిడ మొదట అడిగింది మా అత్తగారి ఆరోగ్యం! నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడే వచ్చింది మా అత్తగారు, చంకలో విత్తనాల సంచీతో. గుమ్మం ముందు జనాన్ని చూసింది, నన్ను చూసింది, నా చేతులకంటిన సిమెంటు చూసింది. సంచీ నా చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్ళి గునపం తెచ్చింది. సిమెంటు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. అయిదారు పోట్లకి ఊడి వచ్చేసింది. నీళ్ళు బుడుంగుమంటూ బయటికి దూకాయి. ఆవిడ మోకాళ్ళ దాకా బురద. బకెట్లు పట్టుకున్నవాళ్ళందరూ సంబరంగా అరిచారు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ రోడ్డు అవతల సోడా ఆయన మేస్త్రీ నిలబడి ఫోనుతో అంతా వీడియో తీశాడు. రెండు రోజులకి వాళ్ళ వకీలు దగ్గర్నుంచి ఇంకో కాగితం. నీరు గట్టు దాటి పారుతోందని ప్రతివాది స్వయంగా, సాక్షుల ఎదుట, గునపంతో రుజువు చేసినది అని రాశాడు. నేనైతే ఇంతకంటే బాగా టైపు చేసేదాన్ని, కానీ సంగతి మాత్రం నిజమే.

ఆ సాయంత్రం ఒంటికాలి మీద లేచాను ఆవిడ మీద. "మన కొంప మనమే ముంచుకున్నాం! నలభై వేల మొక్కలత్తయ్యా! తొట్టికి నీళ్ళు పోతే పుణ్యం, మన ట్రేలకి పోస్తే నేరం, ఇదెక్కడి లెక్క? నాలుగు రోజులు మూసి ఉంచితే ఏం పోయేది? తనిఖీ అయ్యాక తీసుకోలేమా?"

"దొంగలా మూసుకుని, దొంగలా తీసుకోమంటావా?" ఆవిడ గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "నేనేం తప్పు చేశానే? నా నేలలో ఊరిన నీళ్ళు నేను వాడుకోవడం తప్పా? మిగిలింది పదిమందికీ వదలడం తప్పా? ఏది తప్పో ఆ ఆఫీసరు వచ్చి నా మొహం మీద చెప్పాలి. అంతేగానీ నేను దాక్కోను. ఈ వయసులో నాకా ఖర్మ పట్టలేదు."

"మన దగ్గర కాగితం ముక్క లేదు!"

"ఆయన దగ్గర ఉందిగా. అందులో ఏముందో చదివావా?"

పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కాగితాలు చదివే నేను, మా మీద ప్రయోగించిన ఆ ఒక్క కాగితం చదవలేదు. ఆయన దగ్గర ఉంది కదా, ఉంటే గొప్పదే అయి ఉంటుంది అనుకున్నాను. టైపు చేసేవాళ్ళకి పట్టే జబ్బు ఇది. ముద్ర కనపడగానే గుడ్డిగా నమ్మేస్తాం.

మర్నాడు ఆఫీసు నుంచి ఆ పత్రం నకలు తెచ్చి, షెడ్డులో ఆవిడ ఎదురుగా నిలబడి చదివాను. పేరు, కొలత, తేదీ. తర్వాత: "నీటి మూలము: రోడ్డు వైపు రాతిగోడ కన్నము నుండి బయటికి వచ్చు నీరు."

"మళ్ళీ చదువు," అంది.

మళ్ళీ చదివాను. ఆవిడ నవ్వింది. వెదురు పుల్ల కింద పడేంత నవ్వు. ఎందుకని ఎంత బతిమాలినా చెప్పలేదు. "తనిఖీకి రానీయ్," అంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. 'వచ్చి చూసుకోండి' అని ఒక్క ముక్కలో సంజాయిషీ పంపి, పది రోజులు నిద్రలో కూడా ట్రేలు లెక్కపెట్టాను.

తనిఖీ రోజు పొద్దున పది గంటలకి ఆఫీసరు వచ్చింది. చిన్నపిల్ల, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో టేపు, కర్ర స్కేలు. వెనకే సోడా ఆయన, ఆయన వకీలు. గోడ అవతల బకెట్లతో వరస గదులవాళ్ళు, లాండ్రీ ఆవిడ. సోడా ఆయన మా అత్తగారి వైపు చూడకుండా మా నీడ వలని చూస్తూ నిలబడ్డాడు.

వకీలు గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు కాలువలో పారుతున్నాయి, గట్టు దాటుతున్నాయి, కనుక వాగు. మా క్లయింటుకి పత్రముంది, ఈవిడకి లేదు. వీడియో ఉంది. అంతా గడగడా అప్పజెప్పాడు. ఆఫీసరు రాసుకుంది.

"మీరేమైనా చెప్తారామ్మా?"

"చెప్పను. చూపిస్తాను," అంది మా అత్తగారు. నా వైపు తిరిగింది. "రావే, ఒక చెయ్యి వెయ్యి."

షెడ్డులోకి తీసుకెళ్ళి ఆ రాయికి రెండో పక్క పట్టుకోమంది. అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఇద్దరం ఆపసోపాలు పడుతూ మోసుకెళ్ళి గోడ దగ్గర దించాం. మా ఆయన ముందుకొస్తే "నువ్వు సిమెంటు వాడివి, అక్కడే ఉండు," అంది. ఆ తర్వాత ఇద్దరం రాయిని కన్నానికి ఎత్తగానే ఆవిడ వాలుగా ఉన్న పక్క కిందికి తిప్పి, లోపలికి నెట్టింది. రాయి పెట్టెకి మూతలా సరిగ్గా అమిరింది. అంచుల్లో ఆవిడ రెండు దోసిళ్ళ బంకమట్టి కుక్కింది. నీళ్ళు ఆగిపోయాయి.

"ఇది ఈ గోడ రాయేనమ్మా," అంది ఆఫీసరుతో, చేతులు కడుక్కుంటూ. "మా మామగారు కట్టిన గోడ. అప్పట్లో కన్నం లేదు, తొట్టి లేదు, ఏమీ లేదు. గుంట నిండితే నీళ్ళెక్కడికి పోయేవో కాసేపాగితే మీకే కనపడుతుంది."

ఆగాం. కాలువలో నీళ్ళు వెనక్కి తన్ని, అంచు పొర్లి, పెరటి కింది మూల ఇసుక నేలలోకి పాకాయి. ఆఫీసరు వాటి వెనకే నడిచింది. ఇసుకలో కర్ర గుచ్చింది, గడియారం చూసింది, రాసుకుంది. గంట గడిచింది. ఆ ఇసుక మూల నీళ్ళన్నిటినీ గుటుక్కున మింగేసింది. గోడ పునాది దగ్గర నేల పొడిగానే ఉంది. ఒక్క చుక్క బయటికి పోలేదు.

ఈలోగా రోడ్డు అవతల నుంచి మేస్త్రీ పరుగున వచ్చాడు. "సార్, నీళ్ళాగిపోయాయి! సీసాలు కడిగే తొట్టి ఖాళీ!"

సోడా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆయన అప్పుడు చూశాడు మా అత్తగారి వైపు.

"ముప్ఫై ఆరేళ్ళయింది," అంది ఆవిడ, ఆయనతోనే. "మీ నాన్న తోపుడు బండి మీద సోడాలు అమ్మేవాడు. సీసాలు కడుక్కోవడానికి నీళ్ళు లేక ఈ గోడ పక్కన నిలబడి, 'చెల్లెమ్మా, కాసిని నీళ్ళు' అన్నాడు. రోజూ అడగడం ఎందుకన్నయ్యా అని ఈ రాయి పీకేశాను. తొట్టి ఆయన కట్టాడు. నువ్వు అందులో కాగితప్పడవలు వేసేవాడివి, గుర్తుందా? ఇవాళ నేను నీ నీళ్ళు దొంగిలిస్తున్నానా?"

వకీలు ఊరుకోలేదు. "ఇన్నేళ్ళు వదిలాక ఇప్పుడు మూసే అధికారం ఈవిడకి లేదండీ. మా పత్రం..."

"మీ పత్రం నా దగ్గరుంది," అంది ఆఫీసరు. "కన్నంలోంచి బయటికొచ్చే నీటి మీద మీకు హక్కుంది. కన్నం తెరిచి ఉంచమని ఈవిణ్ణి బలవంతపెట్టే హక్కు మీకెక్కడా ఇవ్వలేదు. సహజంగా ఈ ఊట ఈ నేల దాటదు, ఇప్పుడే కళ్ళారా చూశాం. గోడ లోపల ఈవిడ వాడే నీటికి ఏ పత్రమూ అక్కర్లేదు. ఇంకేమైనా ఉంటే పై ఆఫీసులో చెప్పుకోండి."

నాకు అక్కడికక్కడే గట్టిగా అరవాలనిపించింది. మా ఆయన నా భుజం నొక్కిపట్టాడు.

సోడా ఆయన రెండడుగులు ముందుకొచ్చాడు. "అత్తా," అన్నాడు. ఆవిణ్ణి అత్తా అనే హక్కు నాకొక్కదానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. "అత్తా, ఫ్యాక్టరీ నడవాలి. రాయి తియ్యండి."

"తీస్తాను. ముందొకటి రాయించాలి." ఆవిడ ఆఫీసరు పక్కన నిలబడి, కాగితం మీద వేలు పెట్టి మరీ చెప్పింది. "గోడలోంచి వచ్చే నీళ్ళు ముందు తొట్టికి. తాగేవాళ్ళకీ, వండుకునేవాళ్ళకీ, బకెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళకీ. వాళ్ళకి సరిపోయాకే సీసాలకి. తొట్టి ఎండిన రోజున పైపు పెట్టి లాగడానికి వీల్లేదు."

"తాగునీటికి ఎలాగూ ముందు వరసే ఉందమ్మా, చట్టంలోనే," అంది ఆఫీసరు.

"ఉంటే మరీ మంచిది. ఉన్నదే రాయండి. ఆయన చేత సంతకం పెట్టించండి."

వకీలు ఏదో అనబోయాడు. సోడా ఆయన పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాడు. గోడ అవతల బకెట్టు ఎవరిదో మోగింది, ఆ తర్వాత అన్నీ మోగాయి.

మా అత్తగారు నాకు సైగ చేసింది. ఇద్దరం కలిసి రాయి పీకాం. నీళ్ళు మళ్ళీ బుడుంగుమన్నాయి. "మీ నాన్న అడిగాడని ఆ రోజు తీశాను," అంది సోడా ఆయనతో. "ఇవాళ తీసింది మాత్రం నీ కోసం కాదు, అదిగో వాళ్ళ కోసం. ఇంకోసారి నోటీసు పంపావంటే ఇదే రాయి, ఇదే కన్నం. నాకు ఓపిక తగ్గినా నా కోడలికి ఉంది." ఎవరూ చూడకుండా నేను కళ్ళు తుడుచుకున్నాను. పదకొండు రోజులు మాట్లాడని మనిషి నలుగురిలో నా గురించి అంత మాట అంది మరి.

రాయిని షెడ్డులో పెట్టగానే తడి రాయి మీదే కూర్చుని ట్రే ఒళ్ళోకి లాక్కుంది. ఆ పూట ఆలస్యమైన నీళ్ళు నేనే పోశాను, మణికట్టు ముంచి చూసి మరీ. నలభై వేలలో ఒక్క మొక్క వాలలేదు.

నెల తిరిగాక ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పైన ముద్ర, కింద ముద్ర, మధ్యలో "సదరు నీటి వాడకమునకు హక్కు పత్రము అవసరము లేదు." అవసరం లేదని చెప్పడానికి ఇంత కాగితమా అని ఆవిడ విస్తుపోయింది. నేను దానికి పెద్ద అక్షరాల్లో నకలు తీయించి, ప్లాస్టిక్ తొడిగించి, గోడకి బయటివైపు, సరిగ్గా కన్నం పైన, ఫ్యాక్టరీ గేటు వైపు తిప్పి మేకులు కొట్టడం మొదలుపెట్టాను. ఆవిడ వచ్చి వెనక నిలబడింది. తిడుతుందేమో, తీసెయ్యమంటుందేమో అనుకున్నాను.

"ఇంకో జానెడు పైకి కొట్టు," అంది. "కార్లోంచి ఆయనకి కనపడదు."